ఊపిరి వినిపించే డిస్కు

జాజ్ సంగీతం నాకు మిర్యాలగూడలో పరిచయమైంది. ఎనభైల్లో అక్కడి జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరాను. మాతో పనిచేసిన ఫిజిక్స్ లెక్చరర్ బదిలీ మీద వెళ్తూ తన పాత రేడియో నాకిచ్చి పోయాడు. సాయంత్రాలు షార్ట్‌వేవ్‌లో ఏదో విదేశీ స్టేషను పెడితే, పక్కనున్న రైస్ మిల్లు చప్పుడు మధ్య, రేడియో గరగర మధ్య, ఒక సాక్సోఫోన్ వచ్చి పోతుండేది. వాయించేది ఎవరో తెలిసేది కాదు. అయినా వదల్లేకపోయాను. అందుకేనేమో, తర్వాత సీడీలు వచ్చినప్పుడు వాటిలో గరగర లేకపోవడమే నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది.

తొంభైల మొదట్లో సూర్యాపేటకు బదిలీ అయింది. రెండు గదుల కిరాయి ఇల్లు, నేనొక్కదాన్నే. సీడీ ప్లేయరు, రెండు స్పీకర్లు కొనుక్కున్నాను. నెలకోసారి హైదరాబాద్ బస్సెక్కి, నాకోసం డిస్కులు పక్కన పెట్టే ఒక దుకాణానికి వెళ్లేదాన్ని. పాత జాజ్ రికార్డులను కంపెనీలు అప్పుడు సీడీలుగా మళ్లీ వేస్తుండేవి. ఒకే రికార్డు ఒకసారి వచ్చి, కొన్నాళ్లకు గరగర తీసి శుభ్రం చేశామంటూ కొత్త అట్టతో మళ్లీ వచ్చేది. నేను రెండూ కొనేదాన్ని. ఇంటికొచ్చి ఒకే పాటను అందులో ఒకసారి, ఇందులో ఒకసారి విని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు నోటుబుక్కులో మార్కులు వేసేదాన్ని. గరగర లేని దానికి ఎప్పుడూ మార్కులు ఎక్కువే. ఈ పిచ్చి గురించి చెప్పుకోవడానికి ఊళ్లో ఎవరూ లేరు.

మా వీధి చివర పెళ్లి బ్యాండు దుకాణం ఒకటి ఉండేది. అందులో క్లారినెట్ వాయించే అతనిది గరిడేపల్లి దగ్గరి ఊరు. యాభైకి దగ్గర పడిన మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం, బిడ్డను ఇంటర్‌లో చేర్పించే దరఖాస్తు నింపించుకోవడానికి మా ఇంటికొచ్చాడు. లోపల సీడీ నడుస్తోంది. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి తల ఒక పక్కకు వంచాడు.

“గీ వాయించేది క్లారినెట్టే గద మేడం?”

“అవునన్నా.”

“మంచి పనోడు. కానీ ఊపిరి తీస్కుంటలేడేంది?”

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు.

“ఇంత పొడుగు వాయించాల్నంటే నడుమ ఊపిరి గుంజాలె. నేనైనా గంతే, ఆయనైనా గంతే. ఇందుల గది వినొస్తలేదు.”

అది శుభ్రం చేసిన డిస్కు. నా నోటుబుక్కులో దానిదే మొదటి స్థానం. లేచి అదే రికార్డు పాత డిస్కు పెట్టాను. సన్నగా గరగర మొదలైంది. తర్వాత, స్వరం ఎత్తుకునే ముందు, ఎవరో నోటితో గాలి పీల్చిన చప్పుడు. ఆ డిస్కు నేను పదిసార్లన్నా విని ఉంటాను. ఆ చప్పుడు ఒక్కసారీ పట్టుకోలేదు.

“ఆ, ఇగ మనిషి ఉన్నడు,” అని అప్పుడు కూర్చున్నాడు.

దరఖాస్తు నింపి ఇచ్చాను. అతను వెళ్లాక నోటుబుక్కు తీసి, ఆ పేజీలో మార్కులన్నీ కొట్టేశాను. సిగ్గు వేసింది గానీ, అంతకంటే సంతోషమే ఎక్కువగా ఉంది.

తర్వాత మూఢం వచ్చింది. పెళ్లిళ్లు లేక బ్యాండువాళ్లంతా ఖాళీ. ఆదివారాలు అతను వచ్చి చాయ్ తాగి వింటుండేవాడు. అన్నీ నచ్చేవి కావు. డ్రమ్ముల మీద సాగదీసే పాటలకు “గిది నాకు ఎక్కది మేడం, ఇంకోటి పెట్టుండ్రి” అనేవాడు.

ఆ రోజుల్లో నన్ను ఒక అనుమానం పీడిస్తుండేది. ఒక రికార్డు పాత డిస్కులో మొదటి రెండు పాటలు ఎందుకో హడావుడిగా అనిపించేవి. కొత్త డిస్కులో అవే పాటలు నిదానంగా ఉండేవి. నా చెవి తప్పేమోనని అతన్ని అడిగాను. మరుసటి ఆదివారం క్లారినెట్ పట్టుకొచ్చాడు. కొత్త డిస్కుతో కలిపి ఒక స్వరం ఊదాడు, చక్కగా కలిసింది. పాత డిస్కు పెట్టాను, కలవలేదు. స్వరం ఇంకొంచెం పైకి పోవాలని మౌత్‌పీస్‌ను లోపలిదాకా నొక్కి చూశాడు. అయినా అందలేదు.

“మీ క్లారినెట్టే తేడా ఉందేమో?” అన్నాను.

“అట్లయితే అన్ని పాటలకు తేడా రావాలె గద? మూడో పాట పెట్టుండ్రి.”

పెట్టాను. మూడో పాట నుంచి రెండు డిస్కులూ ఒకే శ్రుతిలో ఉన్నాయి.

“ఆ రెండు పాటలు డిస్కుకు ఎక్కించేటప్పుడు టేపు జోరుగ తిరిగింది. మాకు ఉల్టా అయింది ఒకపాలి,” అన్నాడు. “బ్యాటరీలు అయిపోవచ్చి మెల్లగ తిరిగే టేప్‌రికార్డర్ల విని కొత్త పాట నేర్సుకున్నం. కోదాడల పెండ్లి. పాట పాడెటామె ఒక శ్రుతిల, మేము ఇంకో శ్రుతిల. పెండ్లికొడుకు గుర్రం మీదికెల్లి మా దిక్కే సూస్తున్నడు.”

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అప్పుడు ప్లేయరు మీద నిమిషాలు, సెకన్లు చూశాను. పాత డిస్కులో మొదటి పాట పది సెకన్లకు పైగా ముందే అయిపోతోంది. రెండేళ్లుగా ఆ అంకెలు నా కళ్లముందే ఉన్నాయి.

మరో మూడేళ్లకు నన్ను కోదాడకు మార్చారు. సామాను లారీకి ఎక్కించే రోజు అతను బ్యాండులోని పెద్ద డ్రమ్ము పెట్టె ఖాళీ చేసి తెచ్చాడు. అడుగున పాత దుప్పటి పరిచి, సీడీలన్నీ అందులో నిలువుగా పేర్చాడు. ఒక్క సీడీ కేసు కూడా పగల్లేదు. తనూ లారీలోనే వచ్చి, కొత్త ఇంట్లో నేను ఇనుప బీరువా మీద పెట్టించిన స్పీకర్లను, రేకు అదురుతుందని దింపించి, బల్లల మీద పెట్టించాడు. డిస్కు పెట్టగానే ఇంటి ఓనరావిడ గడప దగ్గరికొచ్చి, “ఇదేం సంగీతమండీ, ఎక్కడా ఆగదేంటి?” అంది. “అలవాటైతది అమ్మా,” అని ఆమెకు నా బదులు అతనే సమాధానం చెప్పాడు.

కొన్నేళ్లకు ఆ ఇంటికే ఒకరోజు భార్యతో కలిసి వచ్చి బిడ్డ పెళ్లి కార్డు ఇచ్చాడు. ఆ పిల్ల అప్పటికి నర్సు ట్రైనింగు పూర్తి చేసి సూర్యాపేట దవాఖానలో పనిచేస్తోంది. అబ్బాయిది మిర్యాలగూడ, పెళ్లీ అక్కడే.

“మీ బ్యాండేనా అన్నా?” అని అడిగాను.

“నా బిడ్డ పెండ్లికి నేనెట్ల వాయిస్త మేడం? ఆ రోజు కూసొని వింట.”

వెళ్లాను. మిర్యాలగూడ బ్యాండే పెట్టారు. తలంబ్రాలయ్యాక అతను వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. కొత్త బట్టలు, మెడలో పూలదండ. ఎదురుగా క్లారినెట్ వాయిస్తున్న అతన్ని కాసేపు కళ్లార్పకుండా చూశాడు.

“శ్రుతి కొంచెం తగ్గింది కదన్నా,” అన్నాను మెల్లగా.

నా వైపు తిరిగాడు. ముఖమంతా వెలిగిపోయింది.

“తగ్గింది. మీకెట్ల తెల్సింది?”

ఎట్లా తెలిసిందో అతనికి చెప్పాలా? చెప్పాను. నాకు వినడం నేర్పింది మీరేనన్నాను. అంతకుముందు నేను విన్నది గరగర ఉందా లేదా అన్నదే తప్ప, వాయించే మనిషిని కాదన్నాను. అతను కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“అయినా మంచిగనే వాయిస్తున్నడు మేడం. ఎండల నిలబడి అలిసిండు గద, పాపం.”

లేచి వెళ్లి, ఆ బ్యాండువాళ్లను పందిరి నీడలోకి రమ్మని పిలిచాడు.