కార్శి చెరుకు, చిన్నాయన పెత్తనం

మా చిన్నాయనను నేను గౌరవించిన రోజులు లేకపోలేదు. గరిడేపల్లి దగ్గర మా చెరుకు తోట నరికిన ఏడాదితో అవి అయిపోయాయి.

ఆయనకు మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. గింజను కొరికి వడ్ల తేమ చెప్పగలడు. ఆయన విద్య అంతవరకే. నాన్న నడుము ఆపరేషన్ అయి సూర్యాపేట దవాఖానలో ఉంటే, తెల్లచొక్కా నలగకుండా గట్టు మీద నిలబడి పెత్తనం అందుకున్నాడు.

నరికిన చెరుకు మోళ్ల నుంచి మళ్లీ లేచే పంటను కార్శి అంటాం. కొత్తగా నాటే పని లేదు గానీ, నరికే చెయ్యి సరిగ్గా పడాలి. కోదాడ నుంచి వచ్చిన కూలీల మేస్త్రి అదే అడిగాడు. "నేలకి ఆనించి కొట్టమంటారా అండీ?"

"వంగి కొడ్తె ఎప్పటికైతది? పైకే కొట్టుండ్రి. లారీ ఆగుతదా మీ కోసం?" అన్నాడు చిన్నాయన.

అమ్మ ఉండబట్టలేకపోయింది. "జానెడు మోడు మిగిలితే పై కణుపులకెల్లి పిలకలొస్తయి, మరిదీ. వాటి వేర్లు భూమిలకు దిగయ్. గాలికి పడిపోతయి."

"నువ్వు ఇల్లు సూస్కో వదినె. గివన్ని నాకు ఇడిసిపెట్టు."

డిగ్రీ చదివిన నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆ సంగతి తలుచుకుంటే నా మీద కూడా అంతే రోత పుడుతుంది.

తడి ఆరని మళ్లలోకి లారీ దింపించాడు. మోళ్లు నలిగాయి. నేలకు కప్పుగా ఉండాల్సిన ఎండాకును తగలబెట్టించాడు. "పంటే లేదు, ఇగ నీళ్లెందుకు?" అని మోటారు ఆపించి మిల్లుకు వెళ్లిపోయాడు. మర్నాడు అమ్మా నేనూ పారలు పట్టుకుని మోళ్లను నేలమట్టానికి చెక్కడం మొదలుపెట్టాం. చేతులు బొబ్బలెక్కేసరికి ఆరు సాళ్లయ్యాయి. వాటికే నీళ్లు కట్టాం, ఎరువేశాం.

నాన్న కర్ర పట్టుకుని చేనుకు వచ్చేనాటికి ఆ ఆరు సాళ్లు మోకాలెత్తున గుబురుగా ఉన్నాయి. మిగతాదంతా బోడితల మీద వెంట్రుకల్లా అక్కడొకటి ఇక్కడొకటి.

"భూమిల సత్తువ లేదన్నా," అన్నాడు చిన్నాయన. తర్వాత గుబురు సాళ్ల వైపు చెయ్యి చాపి, "గివి మాత్రం నేను దగ్గరుండి చేయించిన," అన్నాడు. కళ్లార్పకుండా!

"మరి మిగిలినవి ఎవలు చేయించిండ్రు?" అంది అమ్మ.

ఆయన ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది మోగనైనా లేదు. నాన్న ఆ పలచటి సాళ్లలోని ఒక పిలకను వేళ్లతో లాగితే వేరన్నది లేకుండా ఊడి వచ్చింది. దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి గట్టెక్కాడు.

ఆ సాళ్లు తప్ప తోటంతా దున్నించి వరి వేశాం. చిన్నాయన ఇప్పటికీ పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చుని చెరుకు సాగు గురించి నలుగురికీ సలహాలిస్తాడు. జనం తలలూపుతూ వింటారు. నేను లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్తాను.