అన్నం మానేసినవాడు అన్నప్రాసనకు వెళ్లిన రోజు

బుధవారం తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి గోపాలపట్నంలో మా ఇంటికి తాళం వేసి బయలుదేరాను. చేతిలో ఖాళీ థర్మాకోల్ పెట్టె, భుజాన సంచి. సంచిలో మూడు ఉడికించిన గుడ్లు, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు, రక్తపరీక్ష చీటీ. ముందు ఫిషింగ్ హార్బరు, తరవాత గాజువాక, అక్కడి నుంచి కూర్మన్నపాలెం, సాయంత్రానికి మళ్లీ ఇల్లు. ఊరు దాటకుండా చేసిన ప్రయాణం గురించి రాయడమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి. నేను పూరీ చూశాను, తిరుపతి చూశాను. ఇంత కష్టమైన ప్రయాణం ఎప్పుడూ చెయ్యలేదు.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. నేను పోర్టులో క్రేను ఆపరేటర్ని. పంతొమ్మిదేళ్లుగా ఆ కేబిన్ నాది. ఆరు వారాల కిందట ఏటా జరిగే వైద్యపరీక్షలో సుగరు బాగా ఎక్కువ ఉందని తేలింది. పైన కళ్లు తిరిగితే పడేది నేనొక్కణ్నే కాదు, కొక్కేనికి వేలాడే సరుకు కూడా. అందుకని డాక్టరు నన్ను కిందికి దించేశాడు. "మాత్రలు మానకు. అన్నం, పిండి, తీపి బాగా తగ్గించు. ఆరు వారాలయ్యాక పరగడుపున ఒకసారి, భోజనం చేసిన రెండు గంటలకు ఒకసారి రక్తం ఇవ్వు. రెండూ బాగుంటేనే పైకి," అన్నాడు. ఆ ఆరు వారాలూ ఈ బుధవారంతో పూర్తయ్యాయి. సరిగ్గా ఇదే రోజు కూర్మన్నపాలెంలో మా చెల్లెలు పార్వతి కొడుక్కి అన్నప్రాసన. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన పిల్లవాడు. మేనమామని నేనొక్కణ్నే. మొదటి ముద్ద పెట్టాల్సిన చెయ్యి నాది. సుగరు సంగతి మా ఆవిడ సత్యవతికి తప్ప బంధువుల్లో ఎవరికీ చెప్పలేదు. క్రేను దిగిపోయానని నలుగురిలో చెప్పుకోవడం నాకు చేతకాలేదు.

సత్యవతి సాయం చెయ్యడానికి ముందురోజే వెళ్లిపోయింది. నేను అయిదుంబావుకి బీచి వైపు వెళ్లే బస్సు ఎక్కి జగదాంబకి టిక్కెట్టు తీసుకున్నాను. ఆ వేళకే ఎన్‌ఏడీ దగ్గర టిఫిను బళ్లు వెలిగాయి. ఇడ్లీ పాత్రల ఆవిరి కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆ ఆవిరి చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే మొదటి పది రోజులు నన్ను ముంచింది అదే.

మనవాళ్లలో అన్నం మానడం అంటే ఏమిటి? శనివారం ఒంటిపూట. అంటే రాత్రికి అన్నం బదులు పలహారం. మా అమ్మ ముప్పయ్యేళ్లు అలాగే చేసింది. నేనూ అలాగే చేశాను. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం ఉప్మా, సాయంత్రం చోడి అంబలి, అదే రాగి జావ, రాత్రి మూడు చపాతీలు. పది రోజులు ఒక్క మెతుకు ముట్టలేదని ఛాతీ విరుచుకుని తిరిగాను. పదకొండో రోజు మందుల షాపులో వేలికి సూది గుచ్చి చూస్తే సుగరు ఎక్కడిది అక్కడే ఉంది. షాపావిడ ఏం తింటున్నానని అడిగింది. లెక్కగా చెప్పాను.

"బావూ, అది శనివారం ఉపాసం. దేవుడు ఒప్పుకుంతాడు గానీ సుగరు ఒప్పుకోదు," అంది.

సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి ఇడ్లీ, ఉప్మా, చపాతీ, అంబలి, అరటిపండు అన్నీ బంద్. మొదటి మూడు రోజులు తల పగిలిపోయింది, కాళ్లు పీకాయి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగితే కొంచెం నయమనిపించింది. ఆకలి కంటే పెద్ద బాధ మరొకటి. పళ్లెంలో పులుసు ఉంది, చెయ్యి ఉంది, కలపడానికి ఏమీ లేదు. నలభై నాలుగేళ్ల అలవాటుకి వేళ్లు వాటంతట అవే పళ్లెంలో తిరిగేవి. చెంచాతో కూర తింటుంటే ఆసుపత్రిలో ఉన్నట్టుండేది. ఆఖరికి సత్యవతే కేబేజీని సన్నగా తరిగి, ఆవిరి మీద ఉడికించి, దాని మీద చేపల పులుసు పోసింది. కలుపుకుని తిన్నాను. అన్నం కాదు. అయినా చెయ్యి ఊరుకుంది. ఆనపకాయ కూర, గుడ్లు, గోంగూర, పెరుగు, చేపలు, వీటితోనే మిగతా రోజులు గడిపాను.

అన్నిటికంటే కష్టం పోర్టులోనే పడింది. క్రేను నిచ్చెన ఎక్కేటప్పుడు రెండు చేతులూ కడ్డీల మీద ఉండాలి. అందుకని ఆపరేటరు అన్నం కేరేజీ తాడు కట్టి పైకి లాగుతారు. పంతొమ్మిదేళ్లు నా కేరేజీని కింద ఎవరో కట్టేవాళ్లు. ఈ ఆరు వారాలు నా బదులు పైకెక్కిన మా సూర్రావు కేరేజీని నేను కట్టాను. రోజూ పన్నెండున్నరకి వేడి అన్నం, ముద్దపప్పు వాసన నా ముక్కు పక్క నుంచే పైకి వెళ్లేది. "బావా, గట్టిగా కట్టు, పప్పు ఒలికిపోతాది," అని పైనుంచి అరిచేవాడు. ఒక్కో రోజు ఆ తాడు కొరికెయ్యాలనిపించేది.

జగదాంబలో దిగి షేర్ ఆటోలో ఆరింటికి హార్బరు చేరాను. ఇక్కడికి రావాలనుకునేవాళ్లు ఇంతకంటే ఆలస్యం చెయ్యకండి. అప్పటికే చేపల వేలంపాటలు సగం అయిపోయాయి. బోట్ల నుంచి బుట్టలు దిగుతున్నాయి, ఐసు పలకలు నలగ్గొడుతున్నారు, ఒక పక్క కూర్చుని వలలు అల్లుకుంటున్నారు. నాకు కావలసింది కోనాం, అదే వంజరం చేప. చెల్లెలి ఇంట్లో అందరికీ సరిపడేలా తీసుకుంటే నేనేం తింటున్నానో ఎవరూ పట్టించుకోరని నా ఎత్తు. చేపలమ్మే ఆవిడ రెండు కోనాలు తూచి, ఇన్ని చేపలు ఎందుకని అడిగింది. మేనల్లుడి అన్నప్రాసన అన్నాను.

"అన్నప్రాసనకి బియ్యం కొనాల గానీ సేపలేటి బావూ?" అని నవ్వింది.

"నేను అన్నం తినను," అన్నాను. పరాయి మనిషి దగ్గర చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా ఇంటాయన బోటెక్కితే పది రోజులు సేపల మీదే ఉంతాడు. దిగినాక మాత్రం అన్నం కుండ ఒగ్గడు. నువ్వు గట్టోడివే," అంది. అడక్కుండానే ఇంకో గుప్పెడు ఐసు వేసింది. ఆ మాటతో గాజువాక దాకా నడిచి వెళ్లగలననిపించింది. కానీ బస్సే ఎక్కాను.

ఏడుంబావు బస్సులో కండక్టరు పెట్టెని చూసి ముఖం చిట్లించి, వెనక సీటు కిందికి తోయించాడు. పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం వాసన పట్టేశాడు. "కోనామా? ఎంతకిచ్చినారు?" అని అడిగి, ధర విని, "మోసం సేసీలేదు," అని తీర్పు చెప్పాడు. ఎనిమిదింటికి గాజువాకలో పరీక్ష కేంద్రం దగ్గర దిగాను. పరగడుపు రక్తం తీశారు. రెండో రక్తం రెండున్నరకి ఇవ్వాలి, అంటే భోజనం పన్నెండున్నరకి మొదలుపెట్టాలి. పక్కనే పూరీలు పొంగుతున్న హోటలు ఉంది. దాని మెట్ల మీదే నిలబడి, కావాలనే, నా మూడు గుడ్లూ ఒలుచుకుని వేరుశనగ గుళ్లతో తిన్నాను. హోటలాయన చూస్తూనే ఉన్నాడు. నేనూ చూస్తూనే తిన్నాను.

తొమ్మిదిన్నరకి కూర్మన్నపాలెం చేరాను. మా బావ స్టీలు ప్లాంటులో పనిచేస్తాడు, సెలవు పెట్టి గుమ్మానికి మామిడాకులు కడుతున్నాడు. పూజ అయ్యేదాకా చేపల పెట్టెని పెరట్లో కుళాయి దగ్గర దాచాం. పదిన్నరకి పిల్లవాణ్ని నా ఒళ్లో కూర్చోబెట్టారు. పార్వతి వెండి గిన్నెలో బెల్లం పరమాన్నం తెచ్చింది. నెయ్యి పైకి తేలుతోంది. బంగారు ఉంగరంతో తీసి మూడుసార్లు వాడి నాలుకకి రాశాను. మొదటిసారి ముఖం వికారంగా పెట్టాడు. రెండోసారి ఆలోచించాడు. మూడోసారి ఉంగరాన్నే పట్టుకుని వదల్లేదు. అందరూ నవ్వారు. మా చెల్లెలు మాత్రం పైటచెంగుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

అప్పుడు బావ వాళ్లమ్మ ఆ గిన్నె తెచ్చి నా చేతికిచ్చింది.

"మేనమావ ఇది తినీయాల నాయనా. మా ఇంటి ఆనవాయితీ. మేనమావ కడుపు నిండితే గుంటడికి ఏ తిండైనా ఒంటికి పడతాది," అంది.

నిండు గిన్నె. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఎన్నెన్నో ఊహించుకుని బయలుదేరాను గానీ ఇది ఊహించలేదు. గుమ్మం దగ్గర సత్యవతి కొయ్యబారిపోయింది. తినేస్తే మధ్యాహ్నం రక్తం ఏం చెబుతుందో నాకు తెలుసు. క్రేను ఇంక సూర్రావుది. తినకపోతే తొమ్మిదేళ్లు గుళ్ల చుట్టూ తిరిగిన నా చెల్లెలి ముందు, వాళ్ల అత్తగారి ముందు, పిల్లవాడి మంచి నేను కోరనట్టు. పార్వతి నా ముఖంలోకే చూస్తోంది. కడుపునొప్పి అనో, మొక్కు అనో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఒళ్లో పిల్లవాడు ఇంకా ఉంగరం చప్పరిస్తున్నాడు. వాణ్ని ఒళ్లో పెట్టుకుని అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"అత్తా, నాకు సుగరు ఉంది," అన్నాను. గొంతు పెద్దదైపోయింది. "ఆరు వారాలై క్రేను దిగిపోనాను. ముప్పై రెండు రోజులై అన్నం ముట్లేదు. మజ్జాన్నం మళ్లీ రగతం తీస్తారు. ఇది తింతే నాను ఇంక పైకెక్కను."

పార్వతి లేచి నా దగ్గరికి వచ్చింది. "అన్నియ్యా, ఇన్నాళ్లూ నాకు సెప్పలేదేటి?" అంది. ఆ గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది.

ముసలావిడ నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. అయిపోయిందనుకున్నాను. ఆవిడ బొడ్లో దోపుకున్న చిన్న సంచి తీసి, అందులోంచి మాత్రల అట్ట చూపించింది. "ఇదేనేటి నువ్వు మింగుతున్నది? నాను పదకొండేళ్లై మింగుతున్నాను. ఒక్క పూటైనా అన్నం ఒగ్గలేదు. ముప్పై రెండు రోజులా!" అని నోరు నొక్కుకుంది. తరవాత పిల్లవాడి గుప్పిట విప్పి ఉంగరం తీసి, గిన్నె అంచున ముట్టించి, నా నోటి దగ్గర పెట్టింది. "గుంటడు ఎంత తిన్నాడో మావ కూడా అంతే తింతాడు. ఆనవాయితీ అయిపోనట్టే. నోరు తెరు."

తెరిచాను. మూడు మెతుకులు. నాలుక మీద పెట్టుకుని చాలాసేపు మింగలేదు. అన్నం ఇంత రుచిగా ఉంటుందని నలభై నాలుగేళ్లు పళ్లేలకి పళ్లేలు తిన్నప్పుడు తెలియలేదు.

పన్నెండున్నరకి భోజనాలు. నాకు కోనాం వేపుడు, కేబేజీ మీద పులుసు, పెరుగు. ఇక దాచుకునేది లేదు కాబట్టి పంక్తి మధ్యలో కూర్చుని తిన్నాను. ఎదురు వరసలో ఇద్దరు ముసలాళ్లు, "ఆ కేబేజీ మాకూ కొంచెం ఎయ్యమ్మా, సూద్దాం," అన్నారు. ఇద్దరికీ సుగరేనట. ముసలావిడ వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "ముప్పై రెండు రోజులు!" అని చెప్పుకుంది. ఆ ఇంట్లో పిల్లవాడి తరవాత ఆ పూట గొప్పవాణ్ని నేనే. కాదనడానికి నేనేం ప్రయత్నించలేదు.

ఒంటిగంటా ముప్పావుకి నేనూ సత్యవతీ బయలుదేరాం, రెండున్నరకి రెండో రక్తం ఇచ్చాను. ఫలితం మా డాక్టరుకి చూపించి, ఆయన రాసింది గంటన్నరలో ఫోనుకి పంపుతామన్నారు. ఇంటికి ఎన్‌ఏడీ మీదుగా తిన్నగా వెళ్లే బస్సులు బోలెడున్నాయి. నేను మాత్రం సింధియా మీదుగా చుట్టూ తిరిగి వెళ్లే బస్సు ఎక్కించాను. ఎందుకని సత్యవతి అడగలేదు. ఆ దారిలో అయితే పోర్టు క్రేన్లు కనిపిస్తాయి.

నాలుగూ పదికి కాన్వెంట్ జంక్షన్ ఇంకాస్త దూరం ఉండగా ఫోను మోగింది. చూడలేక ఆవిడ చేతికిచ్చేశాను. కిటికీలోంచి షెడ్ల వెనక క్రేన్ల మెడలు కనిపిస్తున్నాయి. నాది ఎడమ నుంచి రెండోది. సత్యవతి అంకెలన్నీ దాటేసి కింద ఒకే మాట దగ్గర వేలు పెట్టింది.

"ఫిట్టు అని రాసినారు," అంది.

ఫోను లాక్కుని ఆ మాట నేనూ రెండుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే గర్వంతో ఒళ్లు తెలియలేదు. క్రేను ఎక్కిన మొదటిరోజు కూడా ఇంత గర్వపడలేదు. అది ఎవరో నేర్పిన పని. ఇది పది రోజులు తప్పుగా చేసి, మళ్లీ మొదటినుంచి నేనే నేర్చుకున్న పని. రోజూ ఏదో ఒక టిఫిను బండి ముందు మళ్లీ నేర్చుకుంటూనే ఉండాలని కూడా తెలుసు. ఈ దారిన వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. గుడ్లు సంచిలో పెట్టుకోండి, సంగతి మాత్రం దాచుకోకండి. నాకు గుడ్ల బరువు తెలియలేదు, దాచుకున్నదే మోయలేకపోయాను.

అయిదుంబావుకి గోపాలపట్నంలో దిగాం. ఇంటి తాళం తీస్తూ సత్యవతి, "రేపటికి కేరేజీలో ఏటెట్టమంతావు?" అని అడిగింది.

"ఏటైనా ఎట్టు," అన్నాను. "మూత మాత్రం గట్టిగా ఉన్నది సూడు. తాడు కట్టి పైకి లాగాల."