ఒక మాట తక్కువైన పద్యం

మా మేనత్త పోయిందని కోస్గి సంత నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. "ఎట్ల పోయింది? పక్కన ఎవరున్నరు?" అని అడిగాను. "జరమొచ్చి పోయింది, ఇంకేముంది" అన్నారు. నేను నమ్మలేదు. అత్త ఊరి మాట నేను ఊరికే నమ్మను. ఎందుకో చెబుతాను.

అత్త ఆటవెలదులు కట్టేది. వీధిబడి పంతులైన మా తాత నేర్పిన విద్య అది. కాగితం లేదు, కలం లేదు. జొన్నచేలో కలుపు తీస్తూ, పెదవులు కదుపుతూ, బొటనవేలితో వేళ్ల కణుపుల మీద గణాలు లెక్కపెట్టేది. "మాట ఎక్కువైతే అది గూడ కలుపే, పీకెయ్యి బిడ్డా" అనేది. నిజాం సర్కారు బడిలో ఉర్దూ చదివిన నాకు తెలుగు పద్యం రుచి చూపింది ఆమే. ఆ రుణం తీరదు.

ఊరికి మాత్రం ఆ వేళ్లూ పెదవులూ బాణామతిలా కనిపించాయి. పక్కింటి పసిపాప జ్వరంతో పాలు ముట్టకపోయేసరికి అందరి కళ్లూ అత్త మీద పడ్డాయి. చేతబడి చేసేవాళ్ల పళ్లు ఊడబీకితే ఇక మంత్రం పలకలేరని మా వైపు నమ్మకం. అత్తను చావడి ముందు కూర్చోబెట్టారు. కమ్మరి పట్టకారుతో వచ్చాడు. నేను గుంపులోంచి దూరి అత్త పక్కకు చేరాను.

"ఏం సదువుతున్నవో గట్టిగ చెప్పు" అన్నాడు పటేలు.

"పద్యం. పాప మీదనే కట్టిన, ఇనుండ్రి" అని అత్త మూడు పాదాలు చదివింది. నాలుగోది "పాప నవ్వి తల్లి పాలు..." అని ఆపేసింది.

కమ్మరి చిన్నప్పటి నుంచి చిరుతల భజన ఆడినవాడు. లయ తెగితే ఉండలేడు. పట్టకారు కింద పెట్టి కణుపులు లెక్కపెట్టుకున్నాడు. "ఒక మాట తక్కువ పడ్డదక్కా. 'తాగు'! పాలు తాగు అనాలె."

"ఇగ మంత్రం నువ్వు గూడ సదివినవ్ తమ్మీ. ముందుగాల ఎవరి పండ్లు పీకుతరు?" అంది అత్త.

ఆ పట్టకారు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాప కోలుకుని పాలు తాగింది. అదీ మంత్రమేనన్నారు, చూడండి వీళ్ల బుద్ధి! అప్పటి నుంచి కమ్మరి వేళ్లను కూడా కనిపెట్టి చూడసాగారు.

కబురు అందగానే పరుగున వెళ్లి అత్త ముఖం చూశాను. పళ్లన్నీ ఉన్నాయి. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

మూడోనాడు సమాధి మీద పాలు పోశాం. ఆనాటి పాప, ఇప్పుడు పరికిణీ కట్టే పిల్ల, తానే చెంబు పట్టుకుంది. పాలు మట్టిలోకి ఇంకుతున్నాయి. వెనక కమ్మరి నిలబడి ఉన్నాడు. బొటనవేలు కణుపుల మీద కదిలి, చివరి దాని దగ్గర ఆగింది.

"తాగు" అన్నాడు మెల్లగా.

పక్కనున్నవాళ్లు జరిగి దూరంగా నిలబడ్డారు.