ఒంటి మీది లెక్క

నా చిన్నప్పుడు, పత్తికొండ దగ్గరి మా పల్లెలో, మా చిన్నాయన గొర్రెల్ని ఒంటి మీద లెక్కపెట్టేవాడు. చిటికెన వేలితో మొదలుపెట్టి వేళ్లు, మణికట్టు, ముంజేయి, మోచేయి, భుజం, మెడ, చెవి, కన్ను, ముక్కు దాకా తడుముకుంటూ వచ్చి, అవతలి వైపు నుంచి దిగేవాడు. ఒక్కో చోటికి ఒక్కో మాట. ఆ మాటలు తెలుగూ కాదు, కన్నడమూ కాదు, ఉర్దూ కాదు.

రెండో ప్రపంచ యుద్ధానికి సిపాయిగా పోయి, జపాను సైన్యానికి పట్టుబడి పాపువా దీవికి చేరాడట. చెర నుంచి తప్పించుకుంటే, అక్కడి కొండ పల్లెవాళ్లు దాచిపెట్టి, గెనుసుగడ్డలు పెట్టి బతికించారు. వాళ్ల భాష ఆ పల్లెకూ, పక్కనున్న రెండు పల్లెలకూ తప్ప ఇంకెవరికీ రాదని చెప్పేవాడు. మా అవ్వకు మాత్రం ఒకటే దిగులు. "గాలి సోకిందనుకుంటారు, నీకు పిల్లనెవురిస్తారు రా" అని మొత్తుకునేది. ముప్పై దాటినా ఆయనకు పెళ్లి కాలేదు మరి.

ఎట్టకేలకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి మా పంచలో కూర్చుని, ఏడేళ్ల నన్ను పిలిచి, మీ చిన్నాయన ఎట్లాంటివాడని అడిగాడు. నేనేమన్నా తక్కువదాన్నా! నలుగురూ నవ్వుతారని ముక్కూ చెవీ తడుముకుంటూ, కళ్లు తిప్పుతూ ఆ లెక్కంతా ఆడి చూపించాను. ఒక్కరూ నవ్వలేదు.

"ఏమప్పా, ఇదేంది?" అని ఆయన చిన్నాయనను అడిగాడు. నాకు నేర్పిన ఆట అని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. అవ్వ సైగలు చేస్తూనే ఉంది.

"నాకు కూడు పెట్టినోళ్ల లెక్క మామా. ఈడ ఆ మాట మాట్లాడేటోళ్లు ఎవురూ లేరు. మరిచిపోతానేమోనని దినామూ చెప్పుకుంటాండా" అన్నాడు చిన్నాయన.

వాళ్లు మజ్జిగ కూడా ముట్టకుండా లేచిపోయారు.

అవ్వ చీపురు అందుకుంది. నేను గడ్డివాము వెనక నక్కి ఏడుస్తుంటే చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. అయిపోయాను రా దేవుడా అనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "బాగానే చెప్పినావు గానీ, ముంజేయి ఇడిసిపెట్టి మోచేతికి దుమికినావు పాపా. మళ్లీ చెప్పు" అన్నాడు. పొద్దు వాలేలోపల లెక్కంతా నేర్పించాడు.

ఆయనకు మరి సంబంధం కుదరలేదు. నా వల్లే. కానీ ఆయన ఒక్కనాడూ నన్ను దెప్పలేదు. ఎవరి భాషైనా వింతగా వినబడి నవ్వొచ్చినప్పుడు, ఆ భాషలో ఎవరికో ఎవరో అన్నం పెట్టే ఉంటారని నోరు మూసుకుంటాను.

చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మూడు పల్లెలు ఉన్నాయో లేవో తెలియదు. నేను మాత్రం రోజూ పొద్దున వాకిట్లో నిలబడి, అందరూ చూస్తుండగానే, ఆ లెక్క చెప్పుకుంటాను.