ఊపిరితిత్తుల మీద గీసిన ఊరి పటం

పందొమ్మిదేళ్ల వయసులో మనిషికి ఉండే ధైర్యం గురించి ఇప్పుడు తలుచుకుంటే నాకే కొంచెం భయం వేస్తుంది. అప్పటికి మా ఊరి బంగారు గనులు మూతపడి చాలా ఏళ్లయింది. ఆండర్సన్‌పేటలో గని కార్మికులకు వరుసగా కట్టించిన మా లైన్ ఇళ్లలోని పెద్దవాళ్లు పొద్దున పూట ఎండలో కూర్చుని దగ్గుతూ ఉండేవారు, పిల్లలు బెంగళూరు రైలు అందుకోవడానికి పరుగెత్తుతూ ఉండేవారు. నేను మాత్రం కోలారులో చిత్రకళ డిప్లొమా చదువుతూ, మిగిలిన సమయమంతా గ్రంథాలయంలో గడిపేదాన్ని. అక్కడ కన్నడ, తమిళ పుస్తకాల మధ్య తెలుగు బీరువా ఒక్కటే ఉండేది. దాన్ని రెండేళ్లలో పూర్తి చేసి ఇంగ్లీషు వైపు వెళ్లాను. అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి పుస్తకం అలా చేతికి దొరికింది. రోగి శరీరం మీద హక్కు ఎవరిది, వైద్యుడు ఏం అడగాలి, ఏం దాచకూడదు అని అందులో అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను. బయోఎథిక్స్, అంటే వైద్య నీతిశాస్త్రం, అనే మాటను ఆండర్సన్‌పేటలో మొట్టమొదట పలికింది నేనేనని నా నమ్మకం (ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు, ఎవరూ అడగనూ లేదు).

ఆ ఏడాది మా డ్రాయింగు మాస్టరుగారు అందరికీ ఒకే పని ఇచ్చారు. ఎవరి జ్ఞాపకాలను వారు పటంగా గీయాలి. ఊళ్లు, వీధులు, దారులు అన్నీ ఉండాలి, కానీ దూరాలను మైళ్లలో కాక గుర్తున్నంత మేరకే కొలవాలి అన్నారు. తోటివాళ్లు ఇంటి నుంచి బడికి పోయే దారి, మామిడితోట, అమ్మమ్మగారి ఊరు అని మొదలుపెట్టారు. నాకు అవి చిన్న విషయాలుగా తోచాయి. ఇంట్లో తాత ట్రంకుపెట్టె అడుగున, పాత దుప్పటి కింద, గోధుమరంగు కవరులో ఒక ఎక్స్‌రే ఫిల్ము ఉండేది. చిన్నప్పుడు గ్రహణం చూడ్డానికి అడిగితే తాత ఇవ్వలేదని గుర్తు. దాన్ని తీసి కిటికీకి ఎత్తి పట్టుకుంటే రెండు ఊపిరితిత్తుల నిండా పిండి చల్లినట్టు తెల్లని మచ్చలు. ముప్పై ఏళ్లు భూమి లోపల రాయి తొలిచినవాళ్లు పీల్చిన దుమ్ము అది. ఇంతకన్నా గొప్ప పటం మా ఊరికి ఎక్కడ దొరుకుతుంది?

అయితే నేను అందరిలా పెట్టె తెరిచి ఎత్తుకుపోయే మనిషిని కాదు కదా, నీతిశాస్త్రం చదివినదాన్ని. అందుకని ఒక సమ్మతి పత్రం తయారు చేశాను. పన్నెండు ప్రశ్నలు, మూడు పేజీలు, చక్కని గుండ్రటి అక్షరాలు. తాతను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడి చదివాను. 'దేహాంతర్గత చిత్రము యొక్క బహిరంగ ప్రదర్శనకు' అనే చోట ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇది ఏ బాష పాపా?"

తెలుగే అని చెప్పాను. మనం మాట్లాడేదేనా అని ఇంకోసారి అడిగి, సరే కానీమన్నాడు. ప్రదర్శన మధ్యలో మనసు మార్చుకునే హక్కు మీకు ఉందని తెలుసా అని అయిదో ప్రశ్న. మనసు మార్చుకునే వయసు తనకు దాటిపోయిందన్నాడు. ఆ తరువాత ఆయన అడిగినది మాత్రం ఒక్కటే, దీన్ని ఎక్కడ తగిలిస్తావు అని. కోలారులో, మా కాలేజీలో అన్నాను. "కోలారులోనే కదా?" అని రెండోసారి అడిగి, ఫిల్మును తువ్వాలుతో తుడిచి, నా చేతికిచ్చి, మూడు పేజీల కిందా సంతకం పెట్టాడు. ఆయనకు వచ్చిన రాత ఆ సంతకం ఒక్కటే. ఎంత వినయమో మా తాతకు అనుకున్నాను. ఆ పన్నెండు ప్రశ్నల్లో 'ఇది ఎవరిది' అన్న ప్రశ్న లేదని నాకు తట్టలేదు.

నెల రోజులు ఆ పటం మీదే పనిచేశాను. పెద్ద కోరా గుడ్డ మధ్యలో చతురస్రంగా కత్తిరించి, ఫిల్మును అమర్చి, వెనక పెట్టెలో బల్బు పెట్టాను. గొంతు నుంచి పైకి బంగారుపేట రైలు పట్టాలు గీశాను. కుడి ఊపిరితిత్తి చుట్టూ మా లైన్ ఇళ్లు, ఎడమవైపు బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన తెల్లని సైనైడు దిబ్బలు. ఎడమ భుజం దగ్గర మెడ కింది ఎముక ఒకచోట వంకరగా అతుక్కుని ఉంది. బూదికోట దారిలో నేను సైకిలు మీద నుంచి పడిన మలుపు అచ్చంగా అలాగే ఉంటుంది కాబట్టి ఆ మలుపును అక్కడ గీసి, 'ఇక్కడ తాత ఎముక విరిగింది, ఇక్కడే నా మోకాలు' అని రాశాను. (బొమ్మల్లో ఎముకలు సరిగ్గా గీస్తానని మా తరగతిలో నాకు పేరుండేది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను మరిచిపోయాను.)

మాస్టరుగారు వచ్చి చూశారు. ఇది ఇక్కడ కాదు, ఎవరి ఊరో వాళ్లు చూడాలి అన్నారు. కాలేజీలో పెట్టడానికి ముందే ఆండర్సన్‌పేటలో ఒక సమావేశ మందిరంలో రెండు రోజులు ప్రదర్శన ఏర్పాటైంది. స్థలం మారితే మళ్లీ అనుమతి తీసుకోవాలి అని నా పత్రంలో పదకొండో ప్రశ్న. నేనే రాసినది. ఆ సంతోషంలో అది నాకు గుర్తే రాలేదు. ఇంటికి పరుగెత్తి వచ్చి, తాతకు శుభవార్తలాగా చెప్పాను. ఆయన మోకాళ్లు నొప్పి, రాలేనన్నాడు. అయినా మొదటి రోజు మధ్యాహ్నం తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, లోపలికి రాకుండా తలుపు పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

నాలుగు గంటలకు వడల అవ్వ వచ్చింది. బస్‌స్టాండు దగ్గర వడల బండి ఆమెది. ఆమె భర్త మా తాతకు గనిలో జతగాడు, ఒకే డ్రిల్లు పట్టినవాళ్లు. నేను పుట్టకముందే పోయాడు. అప్పటి నుంచి మా తాత ప్రతి ఉదయం ఆ బండి దగ్గరే కూర్చుని రెండు వడలు తిని టీ తాగేవాడు. అది మా ఇంట్లో సూర్యోదయం లాంటి ఏర్పాటు. అవ్వ పటం ముందు నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుని, రాసినదంతా నన్ను చదవమంది. చదివాను. అందరూ తెల్లమచ్చలు చూస్తే ఆమె వేలు నేరుగా ఆ వంకర ఎముక మీదికి పోయింది.

"మీ తాతకు ఇది ఎప్పుడు ఇరిగినాది పాపా?"

గనిలో, అన్నాను ధైర్యంగా.

"మీ తాత కొళాయి కాడ నీళ్లు పోసుకునేటప్పుడు ఎప్పుడన్నా చూసినావా నువ్వు?"

పందొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండే తాత భుజాల దగ్గరి ఆ రెండు ఎముకలు అప్పుడు నా కళ్ల ముందు కనిపించాయి. అవ్వ నా జవాబు కోసం ఆగలేదు. తలుపు వైపు తిరిగింది.

"అన్నా, ఇది ఆయప్పది కదా. నేను నూనె రాసిన ఎముక ఇది."

ఆయప్ప అంటే ఆయన, పోయిన ఆమె భర్త. తాత లేచి నిలబడ్డాడు. అవునమ్మా అన్నాడు. తరువాత నిలబడే, నేల వైపు చూస్తూ చెప్పాడు. దగ్గు ఎక్కువైనప్పుడు స్నేహితుడు బంగారుపేట పోయి సొంతంగా ఫిల్ము తీయించుకున్నాడట. పెళ్లాం కంటబడకూడదని తెచ్చి తాతకిచ్చి దాచమన్నాడట. ఆ నెలలోనే గనిలో పనివాళ్లందరికీ ఎక్స్‌రే పరీక్ష. దుమ్ము కనిపిస్తే లోపలి పని నుంచి తీసి పైపనికి పంపుతారు, కూలి సగం. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. అప్పట్లో మనిషిని పేరుతో కాదు, మెడలో వేసుకున్న ఇత్తడి బిళ్ల మీది నంబరుతో పిలిచేవారు. తాత పొద్దున తన బిళ్లతో ఒకసారి, మధ్యాహ్నం స్నేహితుడి బిళ్లతో ఇంకోసారి వరుసలో నిలబడ్డాడు. రెండుసార్లూ తన ఛాతీనే చూపించాడు. స్నేహితుడు ఇంకో నాలుగేళ్లు భూమిలోకి దిగాడు.

"నేను ఆ పొద్దు నిలబడకుండా ఉంటే," అన్నాడు తాత, "ఆయప్ప ఇంగ కొన్నేండ్లు ఉండేవాడమ్మా."

అవ్వ తాత వైపు ఒక అడుగు వేసింది. ఆమె అడిగినది మేము అనుకున్నది కాదు.

"అంటే ఆయప్పకు తెలుసునా?"

తెలుసు అన్నాడు తాత.

"నేను తువ్వాళ్లలో నెత్తురు చూసి, ఆయప్ప లేచేలోపల ఉతికి ఆరేసేదాన్ని. తెలిస్తే బయపడతాడని. నాలుగేండ్లు ఉతికినా అన్నా."

ఆమె నా వైపు చెయ్యి చాచింది. చనిపోయిన రోగి వైద్యపత్రాల మీద ఎవరికి ఎంత హక్కు ఉంటుందో నా పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. నాకది గుర్తొచ్చింది, నోరు తెరిచాను కూడా. ఎవరి పుణ్యమో, మూసుకున్నాను. బల్బు ఆర్పి ఫిల్మును విప్పి ఇచ్చాను. దాన్ని ఆమె పసిబిడ్డను చుట్టినట్టు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మరునాటి ఉదయం తాత బస్‌స్టాండుకు వెళ్లలేదు. ఆ మరునాడూ వెళ్లలేదు. ఇంట్లోనే టీ తాగి, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నాకు కష్టంగా ఉండేది. పదకొండు రోజులు చూసి, నాకు తెలిసిన ఒకే ఒక్క పనికి పూనుకున్నాను. క్షమాపణ పత్రం రాశాను. రెండు పేజీలు. దాన్ని పట్టుకుని అవ్వ బండి దగ్గరికి వెళ్తే, ఆమె మూకుడులో వడలు తిప్పుతూ, తనకు చదవడం రాదని, నోటితో చెప్పమని అంది. రెండు పేజీలలోని మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"తప్పు చేసినాను అవ్వా," అన్నాను.

సరే అంది. వేడివేడిగా రెండు వడలు తీసి, నా చేతిలోని కాగితాలు లాక్కుని, వాటిలోనే పొట్లం కట్టింది.

"మీ తాతకియ్యి. రేపు రమ్మను. ఆయప్ప ఆ నాలుగేండ్లు గని లోపల ఏం మాట్లాడినాడో నాకు అంతా చెప్పాల. ఇంటికాడ మేము ఏమీ మాట్లాడుకోలేదు."

తాత పొట్లం విప్పి, నూనె మరకల మధ్య నా గుండ్రటి అక్షరాలను కాసేపు చూసి, వడలు తిన్నాడు. మరునాడు తెల్ల చొక్కా వేసుకుని బయలుదేరాడు. నేను వెనకే నోటుపుస్తకంతో వెళ్లాను. ఇద్దరు ముసలివాళ్ల జ్ఞాపకాలు, ఒక గని, నాలుగేళ్లు. నిజమైన పటం ఇప్పుడు దొరకబోతోంది కదా. అవ్వ నన్ను చూసి, స్టవ్ తగ్గించి, నీ బస్సు పోతాది పో పాపా అంది. తాత కూడా తల ఊపాడు. వెళ్లి బస్సెక్కాను.

కాలేజీలో నా పటం మధ్యలో ఖాళీ చతురస్రంతో, వెనక వెలిగే బల్బుతోనే వేలాడింది. ఫిల్ము ఏమైందని మాస్టరుగారు అడిగితే, ఎవరిదో వాళ్లు తీసుకున్నారని చెప్పాను. తాత, అవ్వ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ తరువాత మూడేళ్లు ప్రతి ఉదయం ఆ బండి దగ్గర వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఈ మధ్య పుస్తకాలు సర్దుతుంటే అప్పటి నోటుపుస్తకం బయటపడింది. ఆ రోజు పేజీలో పైన 'ఉదయం, ఆండర్సన్‌పేట బస్‌స్టాండు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, 'విషయం' అని రాసి ఉంది. దాని కింద ఏమీ లేదు. బస్సు కిటికీలోంచి ఆ ఇద్దరి పెదవులు కదలడం చూసి, బంగారుపేట దాటేదాకా పెన్ను మూత తీసి పట్టుకునే కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి, పుస్తకం మూసి మళ్లీ అక్కడే పెట్టాను.