ముందే పెట్టిన టిక్కులు

మా పిన్ని సూది గుచ్చి తీసేశాక కూడా "ఇంకా గుచ్చలేదా?" అని అడిగినవాళ్లను చాలామందిని చూశాను. ఇరవై రెండేళ్లుగా ఆస్పత్రిలో రక్తం తీయడమే ఆమె పని. నరం దొరకని ముసలివాళ్లను, చెయ్యి లాక్కునే పిల్లలను పక్క గదుల నుంచి కూడా ఆమె దగ్గరికే పంపుతారు. అందరూ ఆమెను దూదక్క అంటారు. గుచ్చే ముందు స్పిరిట్ దూదితో ఒకసారి కాదు, రెండుసార్లు తుడుస్తుంది. శుభ్రత దగ్గర ఎవరినీ లెక్కచేయదు. "చేతులు కడుక్కుని రా బాబూ, డాక్టరువని క్రిములు నీకు సలాం కొడతాయా?" అని ఒక కుర్ర డాక్టరును గుమ్మం నుంచే వెనక్కి పంపింది.

తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయాక పిన్నే నన్ను ఆ గదిలో పనికి పెట్టించింది. దూది ఉండలు చుట్టాలి, సీసాల మీద చీటీలు అంటించాలి, నేల తుడవాలి. ఇంకో పని కూడా ఉండేది. తాగి బండి నడిపారని పోలీసులు తీసుకొచ్చేవాళ్లకు వేరే ఫారం ఉంటుంది. అందులో తొమ్మిది గడులు. రక్తం తీసేవాళ్లు ఒక్కో పని పూర్తయ్యాక ఒక్కో గడిలో టిక్కు పెట్టాలి. మా గదిలో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. అందుకని సోమవారం పొద్దున్నే నేను ఒక కట్ట ఫారాలకు తొమ్మిది టిక్కులూ పెట్టేసి ఉంచేదాన్ని. మనిషి వచ్చాక అతని పేరు, తేదీ రాసి పిన్ని సంతకం చేసేది. నాకంటే ముందున్న అమ్మాయి కూడా అలాగే చేసేదట. మూడో గడి పక్కన "స్పిరిట్ వాడకుండా చర్మం శుభ్రం చేయబడినది" అని ఉంటుంది. అది చదివాను. చదివే టిక్కు పెట్టాను.

స్కూలు వ్యాన్ డ్రైవరును తీసుకొచ్చిన మధ్యాహ్నం గది నిండా జనం. పిల్లలను దింపి ఖాళీ వ్యాన్‌తో తిరిగి వెళ్తూ, కుక్కను తప్పించబోయి గోడను గుద్దాడట. యాభై ఏళ్ల మనిషి. నుదురు చిట్లింది. "నేను తాగలేదమ్మా, నాకు అలవాటే లేదు" అని కనబడినవాళ్లందరికీ చెబుతున్నాడు. చివరికి నాక్కూడా చెప్పాడు.

"త్వరగా కానివ్వండక్కా, ఇంకా రెండు చోట్లకి పోవాలి" అన్నాడు కానిస్టేబులు.

స్పిరిట్‌లో ఉండేదీ ఆల్కహాలే కాబట్టి ఇలాంటి కేసులకు స్పిరిట్ లేని తుడుపు పొట్లాలు వాడాలి. అవి అయిపోయి వారమైంది. పిన్ని చెయ్యి అలవాటు కొద్దీ దూది డబ్బాలోకే వెళ్లింది. రెండుసార్లు తుడిచింది. తడి ఆరకముందే సూది దింపింది. నేను చూశాను. నలుగురిలో నాకు నోట మాట రాదు. రాలేదు.

రిపోర్టులో రక్తంలోని ఆల్కహాలు అంకె హద్దు కంటే కాస్త ఎక్కువ వచ్చింది. స్కూలువాళ్లు అతన్ని పనిలోంచి ఆపేశారు. కేసు రుజువైతే లైసెన్సు కూడా పోతుంది.

నాలుగు నెలలకు, సాక్ష్యానికి రమ్మని పిన్నికి కాగితం వచ్చింది. ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ చెప్పాను.

"పిన్నీ, ఆయనకి స్పిరిట్ దూదే వాడావు."

"నీకెలా గుర్తు?"

"ఆ వారం వేరే పొట్లాలు లేవు కదా. ఉండలు చుట్టింది నేనేగా."

పిన్ని చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "ఇన్నాళ్లకా చెప్పడం? ఒక్క మాట బయటికి రావాలంటే నువ్వు క్యూలో నిలబడి టోకెన్ తీసుకుంటావే" అంది. నవ్వలేదు.

కోర్టు రోజు పొద్దున ఆస్పత్రి సూపరింటెండెంటు ఆమెను పిలిచి, "ఫారంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చెయ్యండి. లేనిపోనివి గుర్తు తెచ్చుకోకండి" అన్నాడట. ఆ మాట నాకు బస్సులో చెప్పింది. తను ఏం చెప్పబోతోందో మాత్రం చెప్పలేదు.

డ్రైవరు తరఫు వకీలు ఫారం పైకెత్తి చూపించాడు.

"ఇది మీరే నింపారా అమ్మా?"

"సంతకం నాదేనండి."

"సంతకం సంగతి కాదు. టిక్కులు?"

నేను వెనక బెంచీలో ఉన్నాను. పిన్ని నావైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి మెడ ఎంత బిగబట్టిందో నాకు కనబడుతూనే ఉంది.

"టిక్కులు ముందే పెట్టి ఉంటాయండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు రాయడం ఆపి తలెత్తింది. "ముందే అంటే?"

"మనిషి రాకముందే, మేడమ్. సోమవారం పొద్దున కట్ట మొత్తానికి పెట్టేస్తాం. పెట్టించేది నేనే."

"మరి ఈ మూడో గడి?" అన్నాడు వకీలు.

"అది తప్పు. ఆయనకి స్పిరిట్‌తోనే తుడిచాను. ఆరనివ్వలేదు కూడా."

ప్రభుత్వ వకీలు విసురుగా లేచాడు. "ఒక్క దూది తుడుపుకి ఇంత అంకె వస్తుందా? ఆయన తాగలేదని మీరు చెప్పగలరా?"

"చెప్పలేను. తాగాడనీ చెప్పలేను. ఆ సీసాలో ఆయన రక్తంలోది ఎంతో, నా దూదిలోది ఎంతో నాకు తెలీదు. మీకు తెలిస్తే మీరే చెప్పండి బాబూ."

మేజిస్ట్రేటు అడిగింది: "ఇలా ముందే టిక్కులు పెట్టిన ఫారాలు ఎన్ని ఉంటాయి?"

పిన్ని బోను కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "ఎనిమిదేళ్లుగా అన్నీ అంతేనండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

రిపోర్టును లెక్కలోకి తీసుకోలేమని రెండు వారాల తర్వాత కేసు కొట్టేశారు. ఈలోపే పిన్నిని రక్తం తీసే గది నుంచి రికార్డు గదికి మార్చారు. పాత ఫారాలన్నీ వెతికి తీసే పని ఆమెకే అప్పగించారు.

ఒక ఆదివారం డ్రైవరు మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాలుగు నెలలు మా వీధిలో నేను గోడ గుద్దిన తాగుబోతునమ్మా. ఇప్పుడు తప్పించుకున్న తాగుబోతుని. స్కూలువాళ్లూ అదే అంటున్నారు. కేసు పోయింది సరే, తాగలేదని ఎవరు చెప్పారు అంటున్నారు."

"నేనొచ్చి స్కూల్లో మాట్లాడనా?" అంది పిన్ని.

"వచ్చి ఏమంటారు? తాగలేదంటారా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "ఆ మాట అనలేనన్నయ్యా. తప్పు నా చేతిదని చెబుతాను. నాకు తెలిసింది అంతే."

"అదైనా చెప్పండి."

మర్నాడు ముగ్గురం స్కూలుకు వెళ్లాం. ప్రిన్సిపాల్ గదిలో పిన్ని నిలబడే అంతా చెప్పింది. ప్రిన్సిపాల్ విని, పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని, తన చేతుల్లో లేదని అన్నాడు. తర్వాత సొరుగు తీసి ఒక తాళం బయటపెట్టాడు. అది వ్యాన్‌ది కాదు. పుస్తకాలు, బెంచీలు మోసే చిన్న ట్రాలీ బండిది.

"పిల్లలు లేని బండి" అన్నాడు డ్రైవరు.

"ప్రస్తుతానికి" అన్నాడు ప్రిన్సిపాల్.

డ్రైవరు పిన్నివైపు ఒకసారి చూసి, తాళం తీసుకున్నాడు.