సొంతూర్లో పక్కన నిలబడేవాడు

మా చిన్నాయన పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను పెనుకొండలో, మా కాలేజీ స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఫోన్ చేసింది పిన్నమ్మ. "పాపా, మీ చిన్నాయన ల్యాయడంల్యా. టీ సల్లారిపోయింది" అంది. అంతే. ఆ తర్వాత ఎవరో ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, ధర్మవరం వచ్చేయమన్నారు.

బస్సు దారిలో ఉండగానే లోకల్ చానెల్ వాళ్ల వార్త నా ఫోనులోకి వచ్చింది. 'ప్రముఖ గాయకుడి బృందంలోని గిటారిస్టు మృతి' అని రాశారు. మనిషి చనిపోయిన వార్తలో కూడా మొదటి మాట ఇంకొకరిదే. దాన్ని రెండు మూడుసార్లు చదివాను. నాకు వచ్చింది దుఃఖమో కోపమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మీలో నలభై దాటిన ఈ పక్కవాళ్లకు 'మూడూర్ల మోత' బృందం గుర్తుండే ఉంటుంది. అప్పట్లో హిందూపురానికి, పెనుకొండకు, ధర్మవరానికి దేని ఆర్కెస్ట్రా దానికి ఉండేది. ఒక్కో ఆర్కెస్ట్రాలో ఒక్కో మొనగాడు. హిందూపురంలో గాయకుడు, పెనుకొండలో డ్రమ్స్ వాయించే ఆయన, ధర్మవరంలో గిటారుతో మా చిన్నాయన. సెలూన్లలో సినిమా హీరోల బొమ్మల పక్కన వీళ్ల ఫోటోలు అంటించి ఉండేవి. ఒక ఊరి అభిమానులకు ఇంకో ఊరివాళ్లంటే పడేది కాదు. అలాంటి ముగ్గుర్నీ ఒక స్టేజీ మీదికి ఎక్కించాలన్న పిచ్చి ఆలోచన మా చిన్నాయనది.

ముందు పెనుకొండ పోయి డ్రమ్మర్ని అడిగాడట.

"మీ ఊరోనితో కలిసి వాయిస్తే మా ఊరోళ్లు రాళ్లేస్తారప్పా" అన్నాడు ఆయన.

"ఏస్తే ఏయనీ. డ్రమ్ముల మీద పడతాయి. తాళం తప్పకుండా పడితే సాలు" అన్నాడట చిన్నాయన.

డ్రమ్మరు నవ్వేశాడు. ఆ నవ్వులోనే పని అయిపోయింది. ఇద్దరూ కలిసి హిందూపురం పోయి గాయకుణ్ణి పిలుచుకొచ్చారు.

చిన్నాయనది చీరల రోలింగ్ షాపు. మగ్గం దిగిన పట్టుచీరను గంజి పట్టించి, రోలరుకు చుట్టి, నిగనిగలాడేట్లు చేసి పంపడం పని. ఆదివారాలు రోలర్లు ఆపి అక్కడే ప్రాక్టీసు చేసేవాళ్లు. వెనకింట్లో ఉండే మా అవ్వ చెవుల్లో కొంగు కుక్కుకుని వచ్చి, "ఏందిరా ఇది! ఒగూరి మోత సాలదని మూడూర్ల మోత తెచ్చి నా నెత్తిన పెడ్తివే" అని తిట్టింది. ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు.

అందరూ సినిమా పాటలు వాయించే కాలంలో వీళ్లు సొంత పాటలు కట్టుకున్నారు. బెంగళూరు నుంచి తెచ్చుకున్న క్యాసెట్లు విని నేర్చుకున్న రాక్ అది. మాటలు మాత్రం మనవి. అందరూ అడిగి పాడించుకునే పాట ఒకటుండేది. అది గిటారుతో మొదలయ్యేది. ధర్మవరం జంక్షన్లో గూడ్సు బండి కదిలేటప్పుడు పెట్టెలు ఒకదాన్నొకటి లాగుకుంటూ పోయే చప్పుడుంటుంది చూడండి, దాన్ని తీసుకుని చిన్నాయన ఆ మొదలు కట్టాడు. పై స్వరం నుంచి కింది స్వరానికి, ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చేది. ఆ నాలుగు స్వరాలు వినగానే జనం లేచి నిలబడేవాళ్లు.

ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఏ ఊర్లో ప్రోగ్రాం అయితే ఆ ఊరివాడు స్టేజీ మీద పక్కకు నిలబడాలి. నడిమధ్య చోటు బయట ఊరినుంచి వచ్చినవాడిది. "సొంతూర్లో మనం యాడ నిలబడినా జనం మననే చూస్తారు పాపా. వచ్చినోణ్ణి మనమే చూపించల్ల" అనేవాడు. ధర్మవరంలో ఎప్పుడు ప్రోగ్రాం జరిగినా ఆయన స్పీకర్ పెట్టెల పక్కన, సగం చీకట్లో నిలబడి వాయించడమే నాకు గుర్తు. చిన్నపిల్లను కదా, నాకు రోషంగా ఉండేది. మా చిన్నాయన మధ్యలో ఎందుకు లేడు అని.

ఆ పద్ధతి తప్పింది హిందూపురంలోనే. "మావోళ్లు ఒప్పుకోవడంల్యా అన్నా. ఈ ఒక్క తూరికి నేను నడుమ నిలబడతా" అన్నాడు గాయకుడు. చిన్నాయన సరేనన్నాడు. ఆ ఒక్క తూరి తర్వాత ఏ ఊర్లోనైనా మధ్య చోటు అతనిదే అయింది. తర్వాత బ్యానర్ మీద అతని పేరు పెద్దదై, మిగతా ఇద్దరూ 'బృందం' అయ్యారు. ఆ తర్వాత అతను బెంగళూరు వెళ్లాడు, టీవీల్లోకి ఎక్కాడు. బృందం అవసరం కూడా తీరిపోయింది. డ్రమ్మరు రోజుల తరబడి తిట్టిపోశాడు. చిన్నాయన మాత్రం రోలర్లు తిప్పుకుంటూ ఉండిపోయాడు. దాన్ని పెద్దమనసు అనాలా, అడగడం చేతకాకపోవడం అనాలా? నేను చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. అడగనివాళ్లకు చరిత్రలో చోటుండదని తెలుసు. అయినా ఆయన్ని తప్పు పట్టలేను, పూర్తిగా మెచ్చుకోనూ లేను.

పోయినేడు ఆ గాయకుడే ఫోన్ చేశాడు. హిందూపురంలో పెద్ద ప్రోగ్రాం, పాత ముగ్గురూ మళ్లీ కలవాలి అని. అప్పటికే చిన్నాయనకు షుగరు ముదిరి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతున్నాయి. అయినా పొద్దున షాపు తెరిచే ముందు, సాయంత్రం మూసిన తర్వాత గిటారు పట్టుకున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా వేళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కనిపించేవాడు. "ఒక్కసారి పాపా. ఆ మొదలు స్టేజీ మీద గట్టిగా ఇనపడితే సాలు. మళ్ల గోడకు తగిలిచ్చేస్తా" అన్నాడు.

"హిందూపురం కదన్నా, నడుమ నువ్వే. నేను డ్రమ్ములు మోసుకోని నడుమకు యాడొస్తా" అని డ్రమ్మరు ఏడిపించాడు. చిన్నాయన సిగ్గుపడి నవ్వాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

నేను ముందు వరసలో కూర్చున్నాను. చిన్నాయనకు చోటు స్పీకర్ల పక్కనే ఇచ్చారు. ఆయన గిటారుకు వైరు ఉంది గానీ, దాని రెండో కొస ఏ పెట్టెలోనూ లేదు. నేల మీద చుట్ట చుట్టి పడేసి ఉంది. ఆయన కూడా చూశాడు. సౌండు అబ్బాయికి చెయ్యి ఊపాడు. "ట్రాక్ ఉండాది సార్, మీరు ఊరికే చెయ్యి ఆడించండి చాలు" అన్నాడు ఆ అబ్బాయి. బెంగళూరు స్టూడియోలో ఎవరిచేతనో వాయించి తెచ్చుకున్న రికార్డు అది.

పాట మొదలైంది. ఆ రికార్డు వాయించినవాడెవడో మొదటి స్వరాలు కింది నుంచి పైకి ఎక్కించాడు. చిన్నాయన చెయ్యి, తాను కట్టిన దారినే, పై నుంచి కిందికి దిగుతూ పోయింది. పెద్ద తెర మీద చెయ్యి ఒక దిక్కు, చప్పుడు ఒక దిక్కు. నా వెనక ఎవరో నవ్వారు. "పెద్దాయన తప్పు కొడతాండాడు చూడ్రా." తన పాటను తాను సరిగ్గా వాయిస్తూ, జనం ముందర తప్పు వాయించినవాడయ్యాడు. అయినా ఆపలేదు. చివరి దాకా, ఎవరికీ వినపడకుండా, వాయించాడు.

తిరుగు రైల్లో డ్రమ్మరు పెనుకొండ వచ్చేదాకా గాయకుణ్ణి బూతులు తిడుతూనే ఉన్నాడు. ఆయన దిగాక చిన్నాయన కిటికీలోంచి చూస్తూ, "నా చేతిని నమ్మల్నా, వాళ్ల నవ్వును నమ్మల్నా?" అన్నాడు. తర్వాత, "ఎవురితో అనొద్దు పాపా. వాని పేరు పోతాది" అన్నాడు. అప్పుడు కూడా పక్కకు తప్పుకోవడమే. గిటారు ఆ రోజే గోడకెక్కింది. మళ్లీ దిగలేదు. ఆయన అనొద్దన్న మాట ఇవాళ మీతో అంటున్నాను. పేరు పోతే పోనీ.

నేను ధర్మవరం చేరేసరికి ఇంటి ముందు పందిరి వేసి, అద్దాల ఫ్రీజర్ పెట్టెలో ఆయన్ని పడుకోబెట్టి ఉన్నారు, నడిమధ్యన. సొంతూర్లో ఆయన మధ్యలో ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. ఆ మాట తట్టగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

కాసేపటికి గాయకుడు కారు దిగాడు. వెనకే చానెల్ వాళ్లు. పెద్ద దండ వేసి, కళ్లు తుడుచుకుని, మైకు ముందు నిలబడ్డాడు. "ఆ రోజుల్లో ఈ అన్నను ధర్మవరం వచ్చి ఎతికి పట్టుకునింది నేనే. ముగ్గురం కలవాలని నేనే..." అంటుండగా కెమెరా అబ్బాయి ఆపాడు.

"సార్ మొగం మీద ఎలుగు పడడంల్యా. ఆ పెట్టెను రవ్వంత పక్కకు జరపండప్పా."

నేను నోరు తెరిచేలోపే పిన్నమ్మ అంది, గొంతు కూడా పెంచకుండా:

"జరపండి నాయనా. ఆయప్పకు అలవాటే."

కుర్రాళ్లు పెట్టెను గోడ వైపు తోశారు. ఆ తోపుకు దాని వైరు లాగుకుని ప్లగ్గు ఊడిపోయింది. సన్నగా మోగుతున్న మోటారు ఆగింది. గాయకుడు తన మాట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ నిశ్శబ్దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అప్పటిదాకా గోడకానుకుని నిలబడిన డ్రమ్మరు తప్ప. ఆయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా కిందికి వంగి, చెప్పుల మధ్యన పడిన వైరును వెతికి తీసి, ప్లగ్గు లోపలికి నొక్కాడు. మోటారు మళ్లీ మోగింది. అది వదులుగా ఉందేమో, ఆయన చెయ్యి తీయలేదు. కెమెరా వాళ్లు సర్దుకుని వెళ్లిపోయేదాకా ఆ నేల మీదే కూర్చుని, అరచేత్తో ప్లగ్గును గోడకు అదిమిపట్టుకునే ఉన్నాడు.